మొదటి పేజీ అనే ఫోల్డరు

కంప్యూటరు తెరమీద ఫైళ్ళు ఎక్కడం చూపించే పచ్చగీత సగందాకా పాకి ఆగిపోయింది. ఎవేలియో దాన్ని తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ అవతల వీధిలో నిలబడ్డావిడ మాత్రం ఊరుకోలేదు. పోయిన వారం సీరియల్లో ఆఖరి భాగం ఎక్కించకుండా ఇచ్చాడనీ, ఆ పిల్ల పెళ్ళి ఎవరితో అయిందో తెలియక తనకి కంటిమీద కునుకు లేదనీ, ఈసారి మొత్తం ఎక్కేదాకా కదిలేది లేదనీ చెప్పుకుపోయింది. ఎవేలియో తల ఊపాడు. గీత మళ్ళీ కదిలింది. ఆవిడ పెన్‌డ్రైవు అందుకుని రొమ్ములమధ్య దోపుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దుట ఆ కిటికీ ముందు ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. కామగ్వే ఊళ్ళో ఇళ్ళకి ఇంటర్నెట్ లేదు. కావాలన్నవాడు పార్కుకి వెళ్ళి, నెట్ కార్డు కొని గీకి, చెట్టు నీడలో బెంచీ దొరికితే బెంచీమీద, లేకపోతే గట్టుమీద కూర్చుని, కార్డు అయిపోయేలోగా తన పని చూసుకోవాలి. సీరియళ్ళూ సినిమాలూ అలా దిగవు. అవి హవానాలో ఎవరో పోగేసిన హార్డ్‌డిస్కులో, బస్సు డ్రైవరు సీటు కింద, ఆదివారం రాత్రి బయల్దేరి వస్తాయి. దాన్ని అందరూ వారం ప్యాకెట్టు అంటారు. వీధి మూలనున్న ఒస్వాల్దో ఇంట్లో ఆ డిస్కు దిగుతుంది. ఊరి క్షురకుల ప్రకటనలూ, ఊరి కుర్రాళ్ళ పాటలూ అందులో కలుస్తాయి. అక్కణ్ణుంచి ఎవేలియో లాంటి కిటికీలకీ, మధ్యాహ్నం లారీల్లో తూర్పు ఊళ్ళకీ పోతుంది.

ఆ ప్యాకెట్టులో ఆటలకీ ఫోను సరంజామాకీ మధ్య ఓ చిన్న ఫోల్డరు ఉంటుంది. దాని పేరు ‘మొదటి పేజీ’. వెబ్‌పేజీ తయారుచెయ్యడం అప్పుడే మొదలుపెట్టినవాళ్ళ కోసం. బొత్తాం ఎలా పెట్టాలి, పట్టిక ఎలా గియ్యాలి, ఫొటోలు వరసగా ఎలా పేర్చాలి, పేరూ చిరునామా అడిగే ఫారం ఎలా కట్టాలి అని ఒక్కో దానికి ఒక్కో తునక కోడ్, కింద నాలుగు మాటల వివరణ. అది ఎవేలియోది. ఒస్వాల్దో దాన్ని ఎందుకు ఉంచుతాడంటే, తీసేసినా ఓ సినిమా పట్టేంత జాగా మిగలదు కనక.

ఎవేలియో భారీ మనిషి. మెడ పొట్టి, భుజాలు ముందుకి వంగిపోయాయి, కుడిచేతి రెండు వేళ్ళు నిటారుగా చాపలేడు. సగం జీవితం పంచదార మిల్లులో తిరుగుడు యంత్రం దగ్గర గడిచింది. మరిగిన పాకంలోంచి పంచదారని విడగొట్టే ఆ యంత్రం చప్పుడికి ఎడమచెవి కొంత పోయింది. వెంట్రుకలు మాత్రం పోలేదు. అరవై దాటినా తల నిండా ఒత్తుగా తెల్లగా ఉంటాయి, దానికి ఆయనకి లోలోపల కాస్త గర్వం. భార్య నొయేలియా చాలా ఏళ్ళ క్రితం ఫ్రిజ్జులు బాగుచేసే అతనితో హవానా వెళ్ళిపోయింది. అతను మంచి పనివాడని ఎవేలియో ఎవరడిగినా ఒప్పుకునేవాడు.

మిల్లు మూసేసిన ఏడు, పనిలేనివాళ్ళంతా చదువుకోండి, చదువే మీ ఉద్యోగం, జీతం మామూలుగా వస్తుంది అన్నారు. ఎవేలియో నలభై దాటాక పలకా బలపం పట్టినట్టయింది. మిల్లు భోజనశాలలో బల్లలు వరసగా వేసి కంప్యూటర్లు పెట్టారు. మాస్టారు జెరాక్సు కాగితం ఒకటి పంచి, ఉన్నదున్నట్టు కొట్టండి, పేజీ వస్తుంది అన్నాడు. ఎవేలియో వంకర వేళ్ళతో ఒక్కో అక్షరమే ఏరి కొట్టాడు. తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. నెల రోజులు అదే పని. పక్కవాడికి వచ్చింది, వెనకవాడికి వచ్చింది. తన బుర్ర పాకం తిప్పడానికే పనికొస్తుందని ఆయన నమ్మేశాడు, మానేస్తానని ఇంట్లో చెప్పేశాడు కూడా. తర్వాత ఓ రోజు పక్కవాడి కాగితం కింద పడితే తీసి ఇవ్వబోతూ చూశాడు. ఆ కాగితంలో అడుగున ఇంకో వరస ఉంది. తన కాగితంలో జెరాక్సు మిషను దాన్ని కోసేసింది. ఆ రోజు ఎవేలియో భోజనశాల వెనక్కి వెళ్ళి ఏడ్చాడు. కోపంతోనో సంతోషంతోనో ఆయనకే తెలియలేదు.

ఆ వరస లేని కాగితం ఇంకెవరి చేతిలోనూ పడకూడదన్నదే ఫోల్డరు వెనకున్న పట్టుదలంతా. పార్కులో దింపుకొచ్చిన పాఠాలు ఇంటికొచ్చాక సగం పనిచెయ్యవు. ఒక్కో పేజీ తన రంగుల్నీ అక్షరాల తీరునీ ఎక్కడో పరదేశంలో ఉన్న కంప్యూటరు నుంచి తెచ్చుకోవాలని చూస్తుంది. నెట్ లేని ఇంట్లో అది నోరు తెరుచుకుని కూర్చుంటుంది. ఎవేలియో ఆ తెచ్చుకునేవన్నీ ముందే దింపి పక్కన పెట్టి, పేజీకి వాటి దారి చూపించేవాడు. విదేశీ హోటళ్ళ నమూనాలు తీసేసి జామ మిఠాయిల దుకాణం, గుర్రబ్బండి బాడుగ, సెలూను లాంటివి పెట్టాడు. ఏదైనా తన ఇంట్లో తెరిచి కళ్ళారా చూశాకే ఒస్వాల్దోకి ఇచ్చేవాడు.

విల్బెర్ వచ్చేసరికి ఎవేలియో కాఫీ పోసుకుంటున్నాడు. విల్బెర్ నువీతాస్ వెళ్ళే లారీలో క్లీనరు; తూర్పుకి డిస్కు మోసేది అతనే. సిమెంటు ఎక్కేలోగా కాఫీ కోసం ఈ కిటికీ దగ్గర ఆగడం అతనికి అలవాటు.

“పెద్దాయనా, నీకో కబురు. బాగాలేదు. ముందు కాఫీ పొయ్యి, తర్వాత చెప్తా.”

కాఫీ అయ్యాక చెప్పాడు. నువీతాస్‌లో రొట్టెల కొట్లో కూర్చునే ఇస్మారి అనే పిల్ల ఫోల్డరు తుడిచేసిందట. ఆర్నెల్లుగా అందులో చూసి నేర్చుకుంటోంది, రొట్టెల కొట్టుకే ఓ పేజీ కడదామని. మూణ్ణాలుగు వారాలుగా రంగు పెడితే రంగు రావడం లేదు, బొత్తాం పెడితే బొత్తాం కనబడటం లేదు. తనకి అబ్బే చదువు కాదని తేల్చుకుంది. ఎవేలియోకి కృతజ్ఞతలు చెప్పమంది.

ఎవేలియో గబగబా తన కంప్యూటర్లో ఫోల్డరు తెరిచాడు. ఎర్ర బొత్తాం ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చింది. పట్టికకి గీతలున్నాయి. జామ మిఠాయిల కొట్టుకి గులాబీ రంగు అంచు ఉంది.

“ఇదిగో, ఉంది కదా,” అన్నాడు విల్బెర్. “పాపం ఆ పిల్లకే చేతకాలేదు.”

ఎవేలియోకి ప్రాణం కుదుటపడింది. అవునేమో అనబోయాడు కూడా. ఇంతలో విల్బెర్ నవ్వుతూ, గ్వాయిమారో పోస్టుమ్యానుదీ ఇదే ఏడుపు, వాడూ మానేశాడు, వాడి పెళ్ళాం మాత్రం తెగ సంతోషపడుతోంది అన్నాడు.

ఎవేలియో గ్లాసు బల్లమీద పెట్టేశాడు. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు ఒకే నెలలో ఒకే తప్పు చెయ్యరు.

“ఎప్పుడు బయల్దేరతావు?”

“సిమెంటు ఎక్కి, డ్రైవరు అన్నం తిన్నాక.”

“నేనిచ్చేదాకా కదలొద్దు.”

“డ్రైవరు నా మాట వింటాడేంటి?”

“వినేలా చెయ్యి, నాయనా. నీకు దణ్ణం పెడతాను.”

ఎవేలియో దణ్ణం పెడతాననడం విల్బెర్ ఎప్పుడూ వినలేదు. నవ్వు ఆపేసి వెళ్ళిపోయాడు. ఎవేలియో కిటికీ తలుపులు మూసేశాడు. సోమవారం పూట ఆ కిటికీ మూతపడటం వీధి ఎరగదు. బయటున్నవాళ్ళు తలుపు కొట్టారు, పిలిచారు, ఆయన చెవిటివాడన్న సంగతి గుర్తుచేసుకుని గట్టిగా పిలిచారు. ఆయన పలకలేదు.

పేజీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచాడు. ఒక్కటీ పొల్లుపోలేదు. అన్నీ ఇంత చక్కగా రావడమే ఇప్పుడాయనకి భయం పుట్టించింది. తన కంప్యూటరు తనకి నిజం చెప్పడం లేదు. ఇంకో కంప్యూటరు కావాలి. ఫోల్డరు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వీధి దాటాడు. అంత దూరానికే ఆయాసం వచ్చింది. ఎదురింటి మెట్టుమీద ఓ నిమిషం ఆగి, గుండెల మధ్య బొటనవేలితో నొక్కుకున్నాడు.

ఎదురిల్లు మిగ్దాలియాది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. బక్కపలచని మనిషి, నోరు మాత్రం వీధికంతటికీ సరిపోతుంది. కూతురు పెళ్ళిచేసుకుని ఓల్గీన్ వెళ్ళిపోతూ వదిలేసిన కంప్యూటరు మీద అల్లిక గుడ్డ కప్పి, సాయంత్రం పూట తీసి పేకాట ఆడుకుంటుంది. తల నిండా జుట్టు చుట్టుకునే రింగుల్తో తలుపు తీసి, సోమవారం పొద్దున్నే నీకు ఇక్కడేం పనంది. కంప్యూటరు కావాలన్నాడు ఎవేలియో. నీ ఇంట్లో ఉన్నది ఇస్త్రీపెట్టా అంది. కానీ గుడ్డ తీసింది.

ఎర్ర బొత్తాం పేజీ తెరిచాడు. తెల్లని తెరమీద, టెలిగ్రాములో అచ్చయినట్టు నల్లటి అక్షరాలు నాలుగు వచ్చాయి. ఎరుపు లేదు, బొత్తాం ఆకారం లేదు. జామ మిఠాయిల దుకాణం తెరిచాడు. అదీ అంతే. నెల రోజులుగా తూర్పు ఊళ్ళన్నిటికీ తను పంపుతున్నది ఇది.

పేజీ లోపలికి వెళ్ళి చూశాడు. తప్పు అక్కడే, అందరికీ కనబడేలా పై వరసల్లోనే ఉంది. రంగులూ అక్షరాల తీరూ ఉన్న ఫైలు ఎక్కడుందో పేజీకి చెప్పే చోట, ఎవేలియో ఇంటి కంప్యూటరు, రెండో డిస్కు, ఫలానా అర అని ఉంది. నెల క్రితం కొత్త డిస్కు కొని ఫోల్డరు అందులోకి మార్చాడు. మారుస్తున్నప్పుడు, కోడ్ రాసే ప్రోగ్రాము తనంతట తాను పూర్తి చిరునామా వేసేసింది. నువీతాస్‌లో వంట చేసుకునే పిల్లకి, ఉప్పు కామగ్వేలో మా వంటింటి గూట్లో ఉంది తీసుకో అన్నట్టుంది వ్యవహారం. ఆయన వంటింట్లో ఆయనకి ఉప్పు ఎప్పుడూ దొరుకుతూనే ఉంది.

ప్రోగ్రాముదీ తప్పు అనుకోవచ్చు. ఎవేలియో అలా అనుకోలేదు. తెరిచి చూశాను, చూశాను అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నది తన ఇంట్లో చూడటమే. ఇన్నేళ్ళ తర్వాత వరస కోసేసిన కాగితం పంచిన చెయ్యి తనదయింది. ఆ రొట్టెల కొట్టు పిల్ల పని ముగించుకుని, చేతికి పిండితో, బోసి తెరముందు కూర్చుని తన బుర్రని తిట్టుకుని ఉంటుంది. ఆ తిట్లన్నీ తనకి తగలవలసినవి.

అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చే మార్గం ఉంది కానీ, కొన్ని పేజీలు ఫోల్డరు గుమ్మంలోనే ఉన్నాయి, కొన్ని లోపలి అరల్లో, ఇంకొన్ని ఆ అరల్లోపలి అరల్లో. ఎక్కణ్ణుంచి ఎటు నడవాలో ఒక్కో పేజీకీ విడిగా చెప్పాలి. ఎవేలియో మొదటిది మార్చాడు. తెరిచాడు. బొత్తాం ఎర్రబడింది. రెండోదానికి వెళ్ళాడు.

మిగ్దాలియా వంటింట్లోంచి వస్తూ పోతూ తొంగిచూసింది. ఓసారి వెనక నిలబడిపోయింది. తెరమీద పెద్ద అక్షరాలతో ‘మిగ్దాలియా తమాల్ దుకాణం’ అని వచ్చింది. కింద మొక్కజొన్న పొత్తుల బొమ్మ, ఆర్డరు ఇవ్వడానికి ఫారం, ఒక ఫోను నంబరు.

“నేనెప్పుడు తమాల్ అమ్మాను?”

“ఉదాహరణకి పెట్టాను.”

“ఉదాహరణకి నీ పేరే పెట్టుకోలేకపోయావా? సాంతియాగో దాకా నన్ను మొక్కజొన్న ఆకుల్లో చుట్టి అమ్ముతున్నావన్నమాట.”

ఎవేలియో నవ్వబోయాడు. నవ్వు మధ్యలో తెగిపోయింది. అరచెయ్యి గుండెల మధ్యకి వెళ్ళింది. జేబులోంచి చిన్న మాత్ర తీసి నాలుక కింద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు ఇచ్చిన మాత్రలవి. మెట్లు ఎక్కొద్దు, ఆత్రం పడొద్దు అన్నాడు కానీ, ఆత్రాన్ని ఎలా ఆపుకోవాలో చెప్పలేదు. మిగ్దాలియా గొంతు మారింది. పక్కగదిలో మంచం ఉంది, పడుకోమంది. గ్యాసు అన్నాడు ఎవేలియో.

“గ్యాసుకి నాలుక కింద మాత్ర వెయ్యరు. నాకు చెప్పకు. ఇది వచ్చేవారం పంపితే కొంపలు మునుగుతాయా?”

ఎవేలియో కళ్ళు తెరిచాడు. జవాబు చెప్పడానికి ఊపిరి కూడదీసుకోవలసి వచ్చింది.

“వాళ్ళు వారం ఆగరు, మిగ్దాలియా. తప్పు తమదే అనుకుని మానేస్తారు. కొత్తగా నేర్చుకునేవాడు ఎప్పుడూ తన్నే అనుమానిస్తాడు. పాఠం ఇచ్చినవాణ్ణి అనుమానించడం వాడికింకా రాదు.”

ఆవిడ ఫ్యాను ఆయనవైపు తిప్పి, కాసిన్ని నీళ్ళూ, కప్పూ సాసరుతో కాఫీ తెచ్చి పెట్టింది. వేడికి మిషను మూలుగుతుంటే ఆయన దాని పక్క రేకు విప్పి గోడకి చేరేసి, రేపు బిగిస్తానన్నాడు. మళ్ళీ పనిలో పడ్డాడు. గుర్రబ్బండికి గోధుమరంగు వచ్చింది. సెలూనుకి నీలం చారలు వచ్చాయి. ఒక్కోటి రంగెక్కినప్పుడల్లా ఆయన ఊఁ అని చిన్నగా మూలిగేవాడు. ఆ మూలుగు సంతోషానిదో నొప్పిదో తెలియక మిగ్దాలియా పొయ్యిమీద బీన్సు మాడిపోనిచ్చింది.

అన్నీ అయ్యాక ఎవేలియో ఒక కొత్త ఫైలు తెరిచాడు. ‘ముందు ఇది చదువు’ అని పేరు పెట్టాడు. నాలుగు వాక్యాలు రాయడానికి పేజీలు సరిచేసినంత కష్టపడ్డాడు. నెల రోజులుగా పేజీలకి రంగు రాకపోవడానికి తను చేసిన తప్పు కారణమనీ, చదివేవాళ్ళ తప్పేమీ లేదనీ, మానేసినవాళ్ళు దయచేసి మళ్ళీ మొదలుపెట్టాలనీ రాశాడు. ఇక ముందు ఏదైనా పనిచెయ్యకపోతే తిట్టుకోకుండా ముందు తనని అడగమని రాసి, అక్కడ ఆగిపోయాడు. ఆయన ఇంట్లో ఫోను లేదు.

“నీ నంబరు వేసుకోనా?”

“ఏ నంబరు? తమాల్ దుకాణానిదా? అది ఎవడిదో కూడా తెలీదు. వెయ్యదల్చుకుంటే అసలైనది వెయ్యి.” కాసేపటికి ఆవిడే మళ్ళీ అంది. “ఒక్క వారం. వచ్చే ప్యాకెట్టులో నా నంబరు కనబడితే నీ వేళ్ళు విరిచేస్తాను.”

“రెండు విరిగే ఉన్నాయి,” అన్నాడు ఎవేలియో.

విల్బెర్ తలుపు దగ్గరికొచ్చి, సిమెంటు ఎక్కింది, డ్రైవరు చెయ్యి కడుక్కుంటున్నాడు, కానీ ఒస్వాల్దో డిస్కు కట్టేశాడు, ఇక విప్పనంటున్నాడు అని చెప్పాడు. ఎవేలియో పెన్‌డ్రైవు పిడికిట్లో పెట్టుకుని లేచాడు. పెన్‌డ్రైవు తనకిమ్మనీ తను వెళ్ళి అడుగుతాననీ విల్బెర్ అన్నా వినలేదు. మూలదాకా నడిచాడు. ఎండ నడినెత్తిన ఉంది, సైకిల్ రిక్షావాళ్ళు కూడా నీడ చూసుకున్నారు. మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఒస్వాల్దో ఏసీ గదిలోంచి గుమ్మందాకా వచ్చాడు కానీ గుమ్మం దాటలేదు. చెడ్డవాడు కాదు, వేళకి పని అవ్వాలంటాడు, అంతే. డిస్కు తయారైపోయింది, వచ్చే సోమవారం చూద్దాం అన్నాడు. ఆ ఫోల్డరు ఎవడూ తెరవడని కూడా అన్నాడు.

“ఇద్దరు తెరిచారు,” అన్నాడు ఎవేలియో. “తెరిచి, నా మూలంగా మూసేశారు.”

ఒస్వాల్దో భుజాలు ఎగరేశాడు. ఎవేలియో కోప్పడలేదు, బతిమాలలేదు. గుమ్మం ముందే నిలబడ్డాడు. చెమట చుబుకం మీంచి కారుతోంది, పెదాలు తెల్లబడ్డాయి, చాపిన అరచేతిలో పెన్‌డ్రైవు ఉంది. వీధిలో లారీ హారను కొట్టింది. ఆయన ఆ చెయ్యి దించలేదు. ఒస్వాల్దో ఆయన మొహంలోకి చూసి, ఏమనుకున్నాడో, పెన్‌డ్రైవు తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఫోల్డరు చిన్నది, ఎక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. డిస్కు మళ్ళీ స్పాంజి సంచిలో చుట్టి విల్బెర్‌కి ఇచ్చాడు. విల్బెర్ దాన్ని చొక్కా లోపల పెట్టుకుని లారీ వెనక పరిగెత్తి ఎక్కాడు. ఎవేలియో లారీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, వెనక్కి నడిచాడు. వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడు నడక తేలికైందని వీధిలో చూసినవాళ్ళు తర్వాత చెప్పారు.

మిగ్దాలియా అన్నం పెట్టింది. మాడిన బీన్సు కలిపిన అన్నం, ఉడికించిన చిలగడదుంప. కొంచెం తిని, బాగుందన్నాడు. మాడిందని ఇద్దరికీ తెలుసు. ఇక వెళ్తాను, కిటికీ దగ్గర జనం ఎదురుచూస్తుంటారు అన్నాడు. వీధి దాటి ఇంట్లోకి వెళ్ళడం, కిటికీ తలుపులు తెరుచుకోవడం ఆవిడ తన గుమ్మంలోంచి చూసింది. ఎవేలియో ఊగుడు కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, ఎవరొచ్చినా కనబడేలా కూర్చున్నాడు.

పొద్దుటి సీరియలావిడే మళ్ళీ వచ్చింది. ఆఖరి భాగం ఈసారీ లేదని చెప్పడానికి వచ్చింది. పిలిచింది. పెద్దాయన కునుకు తీస్తున్నాడు, పాపం ఇవాళ అలిసిపోయాడు అని వీధి గట్టుమీద కూర్చుని, లేచేదాకా ఆగుదామనుకుంది. ఎండ గోడ దిగేదాకా ఆగింది. కుర్చీ ఊగడం లేదని ఆవిడకి అప్పుడు తట్టింది.

మర్నాడే ఖననం అయిపోయింది. మిల్లు పాతవాళ్ళు కొందరు వచ్చారు. హవానాకి కబురు పెడితే నొయేలియా పూలు పంపింది. ఒస్వాల్దో చేతులు కట్టుకుని దూరంగా నిలబడి, అందరూ వెళ్ళాక వెళ్ళాడు. తర్వాతి సోమవారం ప్యాకెట్టులో ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అని అతని మనుషులు అడిగినప్పుడు, ఆ ఫోల్డరు ముట్టుకోవద్దని చెప్పాడు. అందుకని అది ఉన్నదున్నట్టే, మిగ్దాలియా నంబరుతో సహా, వారం వారం తూర్పుకి పోతూనే ఉంది. ఆవిడ ఇచ్చిన ఒక్క వారం గడువు మాట ఆవిడే ఎత్తలేదు.

మొదటి ఫోను ఖననమైన వారంలోనే, శుక్రవారం వచ్చింది. ఆడపిల్ల గొంతు, వెనక రొట్టె పళ్ళాల చప్పుడు. ఎవేలియోగారు ఉన్నారా అంది.

ఎక్స్ఛేంజిలో ఉన్నన్నాళ్ళూ మిగ్దాలియా ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది. లైన్లో లేరు, కాసేపాగి చెయ్యండి, చెప్పమంటే చెప్తాను. ఇప్పుడు ఆ మాటలేవీ నోటికి రాలేదు.

“లేడమ్మా,” అంది. “సోమవారం పోయాడు. నీ కబురు విని అదంతా సరిచేసి, పంపించి, పోయాడు.”

అటువైపు పళ్ళాల చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్ల, విల్బెర్ చెబితే తుడిచేసినదాన్ని మళ్ళీ ఎక్కించుకున్నానని చెప్పింది. బొత్తాం ఎర్రగా వచ్చిందండీ, అంది. ఇన్నాళ్ళూ తన బుర్రే మంచిది కాదనుకున్నానంది.

“ఆయనా అలాగే అనుకున్నాట్ట ఒకప్పుడు,” అంది మిగ్దాలియా. “నీ బుర్రకేం కాలేదు. మళ్ళీ కూర్చో.”

రిసీవరు పెట్టేశాక మిగ్దాలియా ఏడ్చింది. ఎవేలియో పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

ఆ తర్వాత ఫోన్లు ఆగలేదు. బరకోవా కొండల్లోంచి ఒకడు, బయామోలో గుర్రబ్బండి తోలేవాడొకడు, ఎక్కడో ఆస్పత్రి వంటమనిషి. ఒకాయన మాత్రం రెండు డజన్ల తమాల్ కావాలన్నాడు; ఆయనకి ఆవిడ గట్టిగానే చివాట్లు పెట్టింది. మిగ్దాలియాకి కంప్యూటరు గురించి పేకాట తప్ప తెలియదు. కానీ ఆ పొద్దుటంతా ఆయన వెనక నిలబడి చూసిన మనిషి. పేజీ ఒక్కటే ఎక్కించుకున్నావా, పక్కనున్నవన్నీ కలిపి ఫోల్డరు మొత్తం ఎక్కించుకున్నావా అని అడుగుతుంది. చాలామంది అక్కడే నాలిక్కరుచుకుంటారు. అలా కుదరనివాళ్ళకి, వచ్చే లారీలో విల్బెర్‌తో కబురంపితే తెలిసినవాళ్ళు చూస్తారని చెప్తుంది. తెలిసినవాళ్ళని వెతకడం విల్బెర్ వంతు. ఎవరితోనైనా చివరికి ఆవిడ చెప్పేది మాత్రం ఒకటే, తప్పు నీదని అనుకోకు అని.

కూతురు ఓల్గీన్ నుంచి వచ్చినప్పుడు కంప్యూటరు బాగానే ఉందా అని చూసి, దీని పక్క రేకు ఊడదీసి ఉందేంటమ్మా అంది. ఆ రోజు వేడికి మిషను మూలుగుతుంటే ఎవేలియో విప్పాడని, రేపు బిగిస్తానన్నాడని మిగ్దాలియా చెప్పింది. నేను బిగించేదా అంది కూతురు. వద్దంది ఆవిడ. రేకు గోడకి చేరేసి ఉంది. దాని నాలుగు మరలూ ఫోను పక్కన, ఎవేలియో కాఫీ తాగిన సాసర్లో ఉన్నాయి.